ముప్ఫై తొమ్మిది పళ్ళు

మా రెండు కుటుంబాల్లో జీపు ముందు కొన్నది నేను. ఈ సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు గనక నేనే చెప్పుకోవాలి. తొంభైల మొదట్లో, మిలిటరీవాళ్ళు వాడి వాడి పక్కన పడేసిన పాత ఫోర్ వీల్ జీపొకటి వేలంలో పాడుకుని, టెంపోకి తాడు కట్టించి, మేముండే చూలై పేటలో మా ఇంటి ముందుకి ఈడ్పించుకొచ్చాను. మా సందులో సైకిలు తిప్పుకోవాలన్నా పక్కింటివాళ్ళ మెట్లెక్కాలి. కూరగాయల బండివాడు రోజూ నన్నూ నా జీపునీ కలిపి తమిళంలో తిట్టుకుంటూ పోయేవాడు. నాకు చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి మా వంశంలో ఇంకెవరికుంది?

మా వంశమంటే బోల్టుల వంశం. తాతల నాటి నుంచి నట్లూ బోల్టుల హోల్‌సేల్ కొట్టు. కళ్ళు మూసుకుని బొటనవేలి గోరుతో మర రాసి చూసి అది ఏ సైజో చెప్పగలను. ఆ కొట్లో కూర్చుని కూర్చుని నాకొక జబ్బు కూడా పట్టుకుంది. కనిపించినవన్నీ లెక్కపెడతాను. మెట్లు, కిటికీ ఊచలు, పెళ్ళి పంక్తిలో ఆకులు, గుళ్ళో స్తంభాలు. లెక్క తేలేదాకా నా కళ్ళు అక్కణ్ణించి కదలవు. మా ఆవిడ మొదట్లో నవ్వేది, తర్వాత మానేసింది.

మా మామగారు ఒక ప్రభుత్వ శాఖలో ముప్ఫై ఏళ్ళు జీపు నడిపి రిటైరైన మనిషి. చింతాద్రిపేటలో కాపురం. కొట్టువాళ్ళు పోయి పోయి డ్రైవరు కూతుర్ని చేసుకోవడమేమిటని మావాళ్ళు సణిగారు గానీ, నాకు మాత్రం పెళ్ళిచూపులనాడే పిల్ల మీద సగం, మామగారి మీద సగం మనసు పడింది. ఘాట్ రోడ్లలో, వరదనీళ్ళలో, రోడ్డన్నదే లేని చోట్ల జీపు నడిపిన కథలు ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. నేను జీపు కొన్నది నిజానికి ఆయన కోసమే. ఆయన వచ్చి నా బండి పక్కన కూర్చోవాలి, ఇంజను చప్పుడు విని తలాడించాలి, 'మా పెద్దల్లుడి బండి' అని నలుగురికీ చెప్పుకోవాలి. ఆ ఒక్క కోరిక కోసం రెండేళ్ళు గ్రీసులో పొర్లాను.

ఆయన మాత్రం నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టే అల్లుడిగానే ఉంచారు. నా గురించి ఒకే ఒక్క మంచిమాట అన్నారు. పెళ్ళైన కొత్తలో వాళ్ళింట్లో నీళ్ళ మోటారు బిగిస్తుంటే, బోల్టులు నా కొట్టువే గనక మొదటి బోల్టు నాచేత వేయించారు. ఆ మోటారు ఏళ్ళ తరబడి మొరాయించకుండా నీళ్ళు తోడింది. "పెద్దల్లుడి హస్తవాసి మంచిది" అన్నారు. అంతే, ఆ ఇంట్లో అదొక ఆచారమైపోయింది. గ్రైండరు కొన్నా, కుట్టుమిషను కొన్నా, ఫ్యాను బిగించినా, మొదటి బోల్టుకి పసుపూ కుంకుమా పెట్టి నా చేతికిస్తారు. నేనొక చుట్టు తిప్పాలి. మిగతాది ఎవరైనా బిగించుకోవచ్చు. ఆ ఒక్క చుట్టూ తిప్పేటప్పుడు నా ముఖంలో వచ్చే గర్వం చూసి మా ఆవిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

నా జీపుకి మాత్రం నా హస్తవాసి పనిచెయ్యలేదు. నలుగురు తోస్తే గానీ స్టార్టయ్యేది కాదు. అయినాక అది వదిలే పొగకి ఎదురింటి ముసలమ్మ తలుపులు వేసుకునేది. తప్పు కార్బురేటరుదనేవాణ్ణి. కార్బురేటరు మార్చాక, అమ్మినవాడిదనేవాణ్ణి. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది" అనేది మా ఆవిడ. ముందు చక్రాలకి బలం తీసుకెళ్ళే షాఫ్టు గడగడలాడుతోందని విప్పి మిద్దె మీద పెట్టేశాను. అంటే నాది పేరుకే ఫోర్ వీలు.

అప్పుడొచ్చాడు మా తోడల్లుడు. మామగారి రెండో కూతుర్ని చేసుకున్నాడు. ఊరి శివారున మనలిలో కాపురం, అక్కడే ఒక ఫ్యాక్టరీలో పైపులూ వాల్వులూ బిగించే ఫిట్టరు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి, "అన్నా, ఇదేంది? అన్నా, అదెందుకు?" అని అడుగుతూ నా జీపు కింద దూరేవాడు. నాకు సంతోషంగానే ఉండేది. తెలిసినవీ తెలియనివీ కలిపి చెప్పేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి మీంజూరు పక్కన ఒక ఇటుకల బట్టీలో పిచ్చిమొక్కలు మొలిచిన జీపొకటి చూసుకుని, దాన్ని మనలికి తెచ్చుకున్నాడు. ఇంజను లేదు, సీట్లు లేవు, అడుగు రేకు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగేది. చూసి లోపల్లోపల నవ్వుకున్నాను. పైకి, "చేస్తే అయిపోతుందిలే" అన్నాను.

నిజంగానే అయిపోయింది. పది నెలల్లో. ఏకు మేకైందంటారే, అలా.

అతని పని తీరే వేరు. విప్పిన ప్రతి బోల్టునీ కిరసనాయిలులో కడిగి, పాత చీర పరిచి, ఏది ఎక్కణ్ణించి వచ్చిందో ఆ వరసలోనే పేర్చుకునేవాడు. బోల్టులమ్మి బతికే నేనేమో విప్పినవన్నీ ఒకే డాల్డా డబ్బాలో వేసి, బిగించేటప్పుడు డబ్బా గలగలలాడిస్తూ వెతుక్కునేవాణ్ణి. తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతికితే ఎక్కడ అతికాడో వేలికి తగిలేది కాదు. ఎక్కడా తొందరుండేది కాదు. ఆ తొందర లేకపోవడమే నాకు పడేది కాదు.

ఇంజను మొదటిసారి తిరిగిన రోజు మేమందరం మనలిలోనే ఉన్నాం. ఒక్క సెల్ఫుకి అందుకుంది. మామగారు చొక్కా చేతులు పైకి మడిచి, స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నా జీపు దగ్గర కూడా ఒకసారి ఇలాగే విన్నారు. అప్పుడు, "పరవాలేదండీ, ఆయిలు మటుకు చూసుకుంటా ఉండండి" అని లేచిపోయారు. ఇక్కడ మాత్రం లేవలేదు. చాలాసేపు విన్నారు. కళ్ళు తెరిచి, "నాయనా, కుట్టుమిషను మాదిరి పోతా ఉండాది" అన్నారు. అతని భుజం మీద చెయ్యి వేశారు. గ్రీసు చొక్కా మీద, కడుక్కున్న చెయ్యి.

దాచుకోవడానికి ఇందులో ఏమీ లేదు. ఆ చెయ్యి నా భుజం మీద పడవలసిన చెయ్యి. రెండేళ్ళ ముందు నుంచి నేను కాచుకుని ఉన్న చెయ్యి.

ఆ తర్వాత ఆదివారమొస్తే ఆయన మనలిలోనే. చింతాద్రిపేట నుంచి మనలికి పోవాలంటే బస్సు మారాలి. మారేది మా వీధి చివరే. రెండు బస్సుల మధ్య పావుగంటో ఇరవై నిమిషాలో మా వీధి చివర గొడుగు పట్టుకుని నిలబడేవారు, ఇంటికొచ్చి కాఫీ తాగి పోవచ్చు కదా, రారు. మిద్దె మీద నుంచి చూసేవాణ్ణి. బస్సు రాగానే పరుగులాంటి నడకతో ఎక్కేవారు. అరవై దాటిన మనిషికి అంత పరుగెందుకు? కిందికొచ్చి నా జీపు చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్నేవాణ్ణి. దానికేం, నొప్పి నా కాలికే.

"మీరు పిలిస్తే రారా?" అంది మా ఆవిడ.

"పిలిస్తే వచ్చేదీ ఒక వచ్చేదేనా?" అన్నాను.

"అయితే ఆడికే పోనీండి. ఆయనకి మా చెల్లెలి మొగుడి కాడ పొద్దు పోతాది." ఆవిడ మామూలుగానే అంది. నాకు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది.

ఇక అసలు సంగతికి వస్తాను. అతని జీపు వెనక ఇరుసు దగ్గర కూత మొదలైంది. స్పీడెక్కితే కుక్క ఏడ్చినట్టు వినిపించేది. విప్పి చూస్తే లోపలి పళ్ళచక్రాలు అరిగిపోయాయి. పుదుపేటలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, వేరే జీపు నుంచి తీసిన వెనక ఇరుసొకటి పెట్టెతో సహా తెచ్చాడు. పైకి అచ్చం పాతదాని లాగే ఉంది. ఆ ఆదివారం నన్ను రమ్మని కబురు పెట్టాడు. పెద్ద సామాను ఏది బిగించినా మొదటి బోల్టు అన్న చేత్తోనే పడాలి కదా.

నేను వెళ్ళేసరికి దాని వెనక మూత విప్పి, లోపల తుడిచి పెట్టాడు. "అన్నా, చూస్తా ఉండు, కాఫీ తెస్తా" అని లోపలికి పోయాడు. మామగారింకా రాలేదు. నేనొక్కణ్ణే దాని ముందు గొంతుకూర్చున్నాను. పళ్ళు కనిపిస్తున్నాయి. లెక్కపెట్టకుండా ఎలా ఉంటాను? సుద్దముక్కతో ఒక పన్ను మీద గీత గీసి, చక్రం తిప్పుతూ లెక్కపెట్టాను. ముప్ఫై తొమ్మిది. తప్పు లెక్కించానేమోనని మళ్ళీ తిప్పాను. ముప్ఫై తొమ్మిదే.

ముందు ఇరుసులో నలభై మూడు. నెల కిందట ఆయిలు కారుతుందని అది విప్పినప్పుడు పక్కనే ఉండి లెక్కపెట్టింది నేనే. వాటిని తిప్పే చిన్నచక్రానికి మాత్రం రెండింట్లోనూ ఎనిమిదేసి పళ్ళు. జీపుల గురించి తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. మామూలు రోడ్డు మీద ఇంజను వెనక చక్రాలనే తిప్పుతుంది. ముందువి ఊరికే దొర్లుతాయి. అప్పుడీ తేడా వల్ల ఏ ఇబ్బందీ లేదు, ఏళ్ళ తరబడి నడుపుకోవచ్చు. ఇసుకలోనో బురదలోనో చిన్న లివరు లాగి ఫోర్ వీల్ వేస్తేనే చిక్కు. ముందు చక్రాలు ఒక వేగంతో, వెనకవి ఇంకో వేగంతో తిరగాలని చూస్తాయి. ఒకే కాడికి దుడుకెద్దునీ నిదానపుటెద్దునీ కట్టినట్టు. మధ్యలో బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె ఒకటుంటుంది, ఆ గుంజులాట అంతా దాని మీద పడుతుంది. ఇళ్ళలో జీపులు బాగుచేసుకునేవాళ్ళు పైపెట్టె ఒకేలా ఉంది కదాని మోసపోయేది ఇక్కడే.

కాఫీ గ్లాసుతో వచ్చాడు. గ్లాసు నా చేతికిచ్చి, ఇరుసు వైపు మురిపెంగా చూశాడు.

"అన్నా, కొట్టోడు రెండూ ఒకటే అన్నాడు. ముందు దానికి ఇది జోడీ పడతాదా?"

ఆ పూట అతని నుదుటి మీద గ్రీసు మరకుంది. అయినా ముఖం అప్పుడే కడిగిన చంటిపిల్లాడి ముఖంలా ఉంది. వీధి మలుపులో గొడుగు కనిపించింది. మామగారు. ఆ పరుగులాంటి నడకే. నా వైపు చూసి చెయ్యెత్తి, నా మీదుగా అతని వైపు నవ్వారు.

"పడతాది" అన్నాను.

ఒక్క మాట. నోరు జారింది కాదు, మరిచిపోయింది కాదు. సుద్ద గీసిన పన్నుని బొటనవేలితో తుడిచేసి మరీ అన్నాను. మరదలు పసుపూ కుంకుమా పెట్టిన నట్టు పళ్ళెంలో తెచ్చింది. కమాను కట్టకి ఇరుసుని పట్టి ఉంచే బోల్టుకి దాన్ని తొడిగి, పానాతో ఒక చుట్టు తిప్పాను. మామగారు చేతులు జోడించారు.

ఆ రోజు నుంచి నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఏమవుతుందని ఎదురుచూశానో నాకే సరిగ్గా తెలియదు. ఎవరికో ఏదో కావాలని కాదు. ఆ జీపు ఒక్కసారి, మామగారి ముందు, మొరాయించాలి. ఆయన స్క్రూడ్రైవరు చెవిన పెట్టుకుని ముఖం చిట్లించాలి. అంతే. కానీ అతను ఫ్యాక్టరీకి ఆ జీపులోనే పోయేవాడు, మరదల్ని గుడికి తీసుకెళ్ళేవాడు, మామగారిని తిరువొత్తియూరు దాకా తిప్పి తెచ్చేవాడు. నగరంలో ఫోర్ వీల్ ఎవరికి కావాలి? ఆరు నెలలు ఏమీ కాలేదు. ఆ ఆరు నెలల్లో చెప్పడానికి ఎన్ని ఆదివారాలున్నాయో, ఇరవై ఆరు, అదీ లెక్కపెట్టాను.

ఒక ఆదివారం అందరం ఎన్నూరు దాటి సముద్రానికి పోదామన్నారు. పులిహోర కలుపుకుని, రెండు జీపుల్లో బయల్దేరాం. మామగారు మా జీపులో ఎక్కుతారని ముందు సీటు తుడిచిపెట్టాను. ఆయన దాన్ని దాటుకుని వెళ్ళి చిన్నల్లుడి పక్కన కూర్చున్నారు. దారంతా ఆ తెల్లచొక్కా వీపుని చూస్తూ నడిపాను.

సముద్రం దగ్గర రోడ్డు వదిలి ఇసుక మీదికి దిగకూడదని నాకు తెలుసు. ముందు షాఫ్టు మిద్దె మీదుంది కదా. అయినా దిగాను. ఆయన చూస్తున్నారని దిగాను. ఇరవై అడుగులు పోయానో లేదో వెనక చక్రాలు సగం దాకా కూరుకుపోయాయి. గట్టిగా తొక్కేకొద్దీ ఇంకా లోతుకి దిగాయి. మా ఆవిడ పులిహోర గిన్నె నెత్తిన పెట్టుకుని దిగి నడిచిపోయింది. చేపలు పట్టేవాళ్ళు నలుగురు చేరి నవ్వారు.

"అన్నా, కదలబాకు. నేను లాగతా!" అని తోడల్లుడు తన జీపు రోడ్డంచు దాకా వెనక్కి తెచ్చి, వెనక చక్రాల వరకు ఇసుకలోకి దించి, నా బండికి తాడు కట్టాడు. మామగారు దిగలేదు, చిన్నల్లుడు ఇసుకలో ఎలా లాగుతాడో చూడాలని ముందు సీట్లోనే కూర్చున్నారు. అతను ఎక్కి కూర్చుని, నా వైపు తిరిగి నవ్వి, చిన్న లివరు మీద చెయ్యి వేశాడు.

ఆ జీపులో అది మొదటిసారి. అది నాకు తెలుసు, అతనికీ తెలుసు. అతని ముఖంలో ఉత్సాహం. నాకు అరవడానికి కావలసినంత సమయముంది. 'వొద్దు, ఫోర్ వీల్ వెయ్యొద్దు' అంటే, 'ఎందుకన్నా' అంటాడు. ఎందుకో చెప్పాలి. అప్పుడు ఆరు నెలల కిందటి మాట కూడా చెప్పాలి, ఆ తెల్లచొక్కా ముందు. నోరు తెరిచాను. స్టీరింగు గట్టిగా పట్టుకుని మూసేశాను.

ఇసుకలో చక్రాలు జారుతాయి గనక ఆ జారుడే తేడాని మింగేసింది. నా జీపు మెల్లగా పైకి లేచింది. బతికాననుకున్నాను. కానీ అతని నాలుగు చక్రాలూ తారు మీదికెక్కేసరికి నా బండి ఇంకా ఇసుకలోనే ఉంది, తాడు బిగిసే ఉంది. తారు మీద చక్రాలకి జారడానికి వీల్లేదు. అతని జీపు ఒకసారి వణికింది. తర్వాత ఇనుప గుండు రాతి మీద పడ్డట్టు చప్పుడు. జీపు ఉన్నచోటే గట్టిగా ఆగిపోయింది. మామగారి ముఖం ముందున్న ఇనుప కడ్డీకి కొట్టుకుంది.

కింది పెదవి చీలింది. తెల్లచొక్కా మీద రక్తం. మరదలు కేకలు పెట్టింది. "ఏమీ లేదు, ఏమీ లేదు" అంటూ ఆయనే పైగుడ్డ అద్దుకున్నారు. తోడల్లుడు ఆయన ముందు రోడ్డు మీద కూలబడి, ఆయన మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. నేను దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

పెదవికి మూడు కుట్లు పడ్డాయి. జీపుని లారీకి కట్టి మనలి చేర్చారు. మర్నాడు పెట్టె విప్పితే గేర్ల పళ్ళు విరిగి ఆయిల్లో రాలి ఉన్నాయి. అప్పుడు లెక్కపెట్టాడట. ముందు నలభై మూడు, వెనక ముప్ఫై తొమ్మిది.

"నేను కాదా చూసుకోవాల్సింది?" అన్నాడు నాతో. "ఫిట్టరునని చెప్పుకుంటా ఉండానే, నాకు పళ్ళు లెక్కపెట్టే బుద్ధి లేకపాయె. మామ పెదవి పగలగొట్టినా. ఆ కడ్డీ కొంచెం పైన తగిలుంటే కన్ను పొయ్యుండేది."

జీపు మీద టార్పాలిన్ కప్పేశాడు. ఫ్యాక్టరీకి మళ్ళీ బస్సులో పోయేవాడు. పానాలన్నీ మూటకట్టి అటక మీద పెట్టాడని, అమ్మేస్తానంటున్నాడని, రాత్రి సరిగా అన్నం తినడం లేదని మరదలు మా ఆవిడతో చెప్పింది. మామగారు మనలికి పోవడం మానేశారు, అల్లుడు తనని చూసినప్పుడల్లా ఏడుస్తున్నాడని.

నిజం చెప్పాలంటే మొదటి వారం నాకు హాయిగా ఉంది. ఆదివారం మిద్దె మీద నుంచి చూస్తే వీధి చివర గొడుగు లేదు. నేను గెలిచాననుకున్నాను. రెండో ఆదివారం కూడా గొడుగు లేదు. ఆయన మనలికి పోలేదు సరే, మా ఇంటికీ రాలేదు. మూడో ఆదివారం నాకు అన్నం సహించలేదు. ఒక్క మాటతో ఇంత మంచి పనివాడి చేతులు విరగ్గొట్టానని అప్పుడు తెలిసింది. ఆ చేతుల మీదే కదా నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది.

నాలుగో ఆదివారం మనలికి వెళ్ళాను. టార్పాలిన్ పక్కన నిలబడి చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"నీ తప్పేమీ లేదు. ఆ పొద్దు నువ్వు కాఫీకి పోయినప్పుడు నేను లెక్కపెట్టినా. ముప్ఫై తొమ్మిదని నాకు తెలుసు. తెలిసే పడతాదని చెప్పినా."

అతను నన్నే చూశాడు. "ఎందుకన్నా?"

"కుళ్ళు. నీమీద కుళ్ళు."

"నామీదా?" నవ్వాడు. నాలుగు వారాల్లో అదే మొదటి నవ్వంది తర్వాత మరదలు. "నామీద కుళ్ళుకునేదానికి ఏముండాదన్నా? నీకు కొట్టుండాది, సొంతిల్లుండాది. నేను బాడిగింటోణ్ణి. నా కాడ ఏముండాదని?"

"మామ ఉండారు" అన్నాను.

ఇంకా గట్టిగా నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఊరుకో అన్నా. నేను తినకుండా పండుకుండానని ఎవరో చెప్పుంటారు. అందుకని నా తప్పు నీ నెత్తిన ఏసుకునేదానికి వచ్చినావు. నాకు తెలీదా నీ గుణం?"

ఒట్టేశాను. ఒట్టు వేసేకొద్దీ అతను కరిగిపోయాడు. "చాలన్నా, ఇంగ చాలు" అని నన్ను కౌగిలించుకున్నాడు. ఆ సాయంత్రమే అటక మీది పానాలు దించాడు.

ఈ కథ వారం తిరక్కుండా ఇంటింటికీ పాకింది. తమ్ముడి లాంటివాడు బాధపడుతున్నాడని, చెయ్యని తప్పు తన మీద వేసుకున్న పెద్దమనిషిని నేను. మా ఆవిడ నన్ను పెళ్ళైన కొత్తలో చూసినట్టు చూసింది. ఆ వారమంతా నా కంచంలో నెయ్యి ఎక్కువ పడింది. ఉన్నది ఉన్నట్టు మా ఆవిడకైనా చెప్పేద్దామనుకున్నాను. మళ్ళీ మనలికి పోయి, ఈసారి సుద్దముక్క సంగతి కూడా చెప్పి నమ్మించాలనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున మామగారు మా ఇంటికొచ్చారు. పిలవకుండా, తనంతట తాను. కింది పెదవి మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. నా జీపు పక్కన నేను కూర్చునే పీట మీద కూర్చున్నారు. మా ఆవిడ కాఫీ ఇచ్చి లోపలికి పోయాక, ఆయన బానెట్టు మీద అరచెయ్యి ఆనించారు.

"మామా, చిన్నల్లుడు చెప్పింది మీరు నమ్మినారా?" అని అడిగాను.

ఆయన కాఫీ సగం తాగి గ్లాసు కింద పెట్టారు.

"నేను మలుపు తిరగతా ఉంటే మీరు బొటనేలితో ఏందో తుడస్తా ఉండారు. సుద్ద" అన్నారు. "మీ పెండ్లి పందిట్లో దీపాలు లెక్కపెట్టిన మనిషి మీరు. పండ్లు లెక్కపెట్టకుండా బోల్టు ఏస్తారా? అప్పుడు తట్టలేదు. రోడ్డు మీద పెదవి తెగినప్పుడు తట్టింది."

నేను ఆ గ్లాసు మీది గీతలు లెక్కపెట్టాను.

"నాకిద్దరు బిడ్డలు. అక్క ఇంటికి చెల్లెలికి దారి ఉండాల. ఆ పిల్లోడు మీ పేరు చెప్పుకొని మళ్ళా పానా పట్టినాడు. అది కూడా ఉండాల." లేచి గొడుగు తీసుకున్నారు. "మళ్ళా పోయి చెప్పేదానికి చూస్తా ఉంటారని వచ్చినా. ఇంగ చెప్పొద్దండి. రెండోసారి చెప్తే నమ్మేస్తాడు."

సరే మామా అన్నాను. ఆయన మనలి బస్సు కోసం వీధి చివరికి నడిచారు. ఇన్నేళ్ళకి నా జీపు మీద చెయ్యి వేశారు, నా పీట మీద కూర్చున్నారు. సిగ్గుతో తల ఎత్తుకోలేని ఆ నిమిషంలో కూడా నాకు ముందు తట్టింది ఒక్కటే. ఆయన మా గడప తొక్కింది కూడా అతని కోసమే.